తెల్ల చెక్కల వెనక దుంగలు

హామిల్టన్‌లో ఎక్కిన బస్సు సగం ఇండియా నుంచి చదువుకోడానికొచ్చిన నాలాంటి స్టూడెంట్లతోనే నిండిపోయింది. ఓ పెద్దావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. కాఫీ షాపు షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చానేమో, చొక్కాకి బ్యాడ్జి ఇంకా అలాగే ఉంది: సామ్. పలకడం తేలికని నేనే పెట్టుకున్న పేరు.

ఊరు దాటాక ఆవిడ కిటికీలోంచి ఓ చిన్న చర్చిని చూపించింది. అంతా దుంగలు పేర్చి కట్టిందే.

"జర్మనీ నుంచి వచ్చిన మా పూర్వీకులు కట్టారు. చెట్లు వాళ్ళే కొట్టి, దుంగల సందుల్లో మట్టీ గడ్డీ కూరారు. వాళ్ళ పిల్లలకేమో దుంగలంటే నామోషీ. ఇంగ్లీషువాళ్ళ చర్చిలా కనబడాలని పైన తెల్ల చెక్కలు కొట్టేశారు. లోపల దుంగలున్నాయన్న సంగతే మేం మర్చిపోయాం," అంది.

పోయినేడాది ఆ చెక్కలు పుచ్చిపోయాయని చర్చినే కూల్చేద్దామన్నారట. ఈవిడ అడ్డం పడి ఒక చెక్క ఊడబీకించింది.

"లోపలి దుంగని సుత్తితో కొట్టా. సుత్తి వెనక్కి ఎగిరింది. కూల్చడానికి వచ్చినవాళ్ళే మిగతా చెక్కలన్నీ పీకారు. రేపు మళ్ళీ గంట కొడుతున్నాం," అని పకపకా నవ్వింది. బస్సంతా మావైపు తిరిగింది.

దిగబోతూ నా బ్యాడ్జి చూసింది.

"ఇది నీ అసలు పేరేనా?"

"కాదండీ. సమ్మక్క."

ఆవిడ ముందు సీటు కమ్మీని సుత్తితో కొట్టినట్టు పిడికిలితో ఒక్కటి కొట్టింది.

"గట్టిగానే ఉంది," అంది.

మర్నాడే మేనేజర్‌ని కొత్త బ్యాడ్జి అడిగా. ఇప్పుడు కాఫీకి వచ్చేవాళ్ళు నా పేరు పలకడానికి కాస్త తంటాలు పడతారు. పడనీ.