గినీ పిగ్ కోసం మా పాప నోరు విప్పిన రోజు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నగర శివారున బ్రూక్‌ఫీల్డ్‌లో అద్దెకుండేవాళ్ళం. కింది వాటావాళ్ళు ఇల్లు మారుతూ, తాము పెంచుకుంటున్న గినీ పిగ్‌ను మా పాపకిచ్చి వెళ్ళారు. గోధుమరంగు మచ్చలున్న తెల్లటి జీవం, తోకలేని పెద్ద ఎలుకలా రెండు చేతుల నిండుగా ఉండేది.

పాప అప్పుడు ఏడో తరగతి. తనకు నత్తి. కొత్తవాళ్ళు పేరడిగినా నా వెనక్కి నక్కేది. జవాబు నేనే చెప్పేదాన్ని. ఇంట్లో మాతో పరవాలేదు, ఆ జంతువు ముందైతే గలగలా మాట్లాడేది.

ఒక పొద్దున పాప వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, అది గడ్డి ముట్టలే. పొట్ట ఉబ్బిపోయి ఉండాది."

వెళ్ళి చూశాను. మూలన ముడుచుకు కూర్చుని పళ్ళు నూరుతోంది. పొట్ట డప్పులా బిగుసుకుపోయింది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఊపిరితో పాటు సన్నటి గురక వినిపిస్తోంది.

మా అత్తగారు తొంగిచూసి, "ఇది బతికేది కష్టమమ్మా. డాక్టరు దగ్గరికని అంత దూరం తిప్పి దాన్ని యాల హింస పెడతారు?" అన్నారు.

పాప పాత తువ్వాలులో దాన్ని చుట్టి చెప్పులేసుకుంది.

ఆటోలో దారిపొడవునా, గుంతల్లో కుదుపు తగలకుండా, దాన్ని నిటారుగా గుండెకు ఆనించుకుని కూర్చుంది. పశువుల డాక్టరు దాన్ని బల్లమీద పెట్టించి, "ఎప్పటినుంచి ఇట్ల?" అని అడిగారు. అలవాటుగా నేను నోరు తెరిచాను. పాప నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ని... నిన్న సాయంత్రం క్యాబేజీ తినింది సార్. రాత్రి నుంచి పెం... పెంటికలు వెయ్యలేదు. పొద్దున్నుంచి ఊ... ఊ..."

ఆ మాట దగ్గర ఆగిపోయింది. అది నా నాలుక చివర సిద్ధంగా ఉంది, అయినా పెదాలు బిగించుకున్నాను. డాక్టరూ తొందరపెట్టలేదు.

"ఊపిరి తీసుకునేకి అవస్థ పడతాండాది," అంది చివరికి.

"బాగ చెప్పినావమ్మా. పొట్టలో గ్యాస్ నిండి ఊపిరితిత్తుల్ని నొక్కతా ఉండాది. నమ్మకంగా చెప్పలేను, ప్రయత్నం చేద్దాం."

ముందు దానికి ఆక్సిజన్ పట్టారు. తర్వాత సన్నటి గొట్టంతో గాలి తీసి, నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. డొక్కలు ఎగరడం నెమ్మదించాక ఇంటికి పంపారు. సిరంజితో ఎలా తినిపించాలో పాప ఆయన్ని అడిగింది, అర్థంకాని చోట మళ్ళీ చెప్పించుకుంది.

ఆపైన వారమంతా సేవ పాపదే. ఎండుగడ్డి పొడిని నీళ్ళలో కలిపి, పొలమారకుండా బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా వేసేది. మింగేదాకా ఆగి, మళ్ళీ వేసేది. ఒకరోజు బడినుంచి రాగానే బోను ముందు కూలబడి కేక పెట్టింది.

"అవ్వా, పెంటికలు! ఎన్ని వేసిందో చూడు!"

అత్తగారు ముక్కుమీద వేలేసుకున్నారు గానీ, కాడుగోడి సంతకెళ్ళి పచ్చగడ్డి కట్ట తెచ్చింది ఆవిడే.

అది ఇంకో రెండేళ్ళు బతికింది. ఆ మధ్యలో డాక్టరు ఒకసారి ఇంటికి ఫోన్ చేశారు. తన దగ్గరికి అలాంటి జబ్బుతోనే ఇంకో గినీ పిగ్ వచ్చిందట, ఎలా తినిపించాలో దాని యజమానికి పాపను చెప్పమన్నారు. రిసీవర్ తనకిచ్చి నేను పక్కగదిలోకి వెళ్ళిపోయాను. తడబడుతూ, ఆగుతూ, పాప చాలాసేపు మాట్లాడింది. గోడ ఇవతల నిలబడి ప్రతి మాటా విన్నాను. అంత గర్వం నాకు నా సొంత విషయంలో ఏనాడూ కలగలేదు.