తరాజు కాక ఉంగరపు వేలు

ఆ రోజుల్లో మనిషెవరో తెలుసుకోవడానికి సర్కారుకు ఒక జిరాక్స్ కాగితం సరిపోయేది. కాగితం మీదున్న మనిషీ, కాగితం పట్టుకొచ్చిన మనిషీ ఒకరేనా అని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. సిద్దిపేటలో మా గిన్నెల దుకాణం ఉన్న బజారు మూల మీద ఒకాయన పెద్ద గొడుగు కింద బల్ల వేసుకుని సిమ్ కార్డులు అమ్మేవాడు. నాకు పద్దెనిమిది నిండిన నెలలోనే దుకాణానికొక ఫోను నంబరు కావాలని బాపును ఒప్పించి అక్కడికి పోయాను. సిమ్ము ఉత్తగానే ఇస్తున్నాడు గానీ ఓటరు కార్డు జిరాక్సు, ఫోటో అడిగాడు. జిరాక్సుకు రెండు రూపాయలు, ఫోటోలకు ముప్పై. ఉత్తగా వచ్చే సరుకుకు ముప్పైరెండు రూపాయలు పెట్టేవాణ్ణయితే నేను మా బాపు కొడుకును ఎట్లవుతాను? (వంకాయలు కొన్నా కొత్తిమీర కొసరు పట్టకుండా కదలని వంశం మాది.) "కాయిదాలు లేకుంట కానియ్యన్నా" అని అరగంట బేరమాడాను. అప్పుడే తన సిమ్ము తీసుకుని నా పక్కన నిలబడ్డ తరాజు కాకకు విసుగొచ్చింది. "నా తాన ఇంకో జత ఉన్నది, గది పెట్టుకో పిలగా. ఏమైతది?" అని తన జిరాక్సు, తన ఫోటో బల్ల మీద పెట్టాడు. అట్లా మా దుకాణం నంబరు మా ఎదురు దుకాణదారు పేరు మీద పుట్టింది. ముప్పైరెండు రూపాయలు మిగిలాయని ఇంటికొచ్చి బాపుకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

తరాజు కాకదీ గిన్నెల దుకాణమే. పాత ఇత్తడి తూకానికి కొనేటప్పుడు తరాజు ముల్లు నిలిచేదాకా ఊపిరి కూడా తీయడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఆయనా, బాపూ పోటీదారులే అయినా పొద్దున పదింటికి ఒక చాయ్ తెప్పించుకుని రెండు గ్లాసుల్లో సగం సగం పోసుకునేవారు. ఆ చాయ్‌ని ఆపింది నేనే. మా బజారులో రాసుకోని కట్టుబాటు ఒకటుంది: గిరాకి ఎవరి మెట్టు మీద కాలు పెడితే ఆ గిరాకి వాళ్లదే, ఎదుటివాడు నోరెత్తకూడదు. ఒక రోజు కోహెడ నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. పెద్దమనిషి ఒక కాలు కాక మెట్టు మీద పెట్టాడు, రెండోది ఇంకా రోడ్డు మీదుంది. నాలోని వ్యాపారి ఆ రెండో కాలును మాత్రమే చూశాడు. "అన్నా, గిటు రా. బిందె కొంటే గరిటె ఫ్రీ" అని కేకేశాను. వాళ్లొచ్చారు, పెళ్లి సామానంతా కొన్నారు. మరునాడు పదింటికి చాయ్ రాలేదు. ఆ తర్వాత ఐదేళ్లు రాలేదు. "గరిటె ఇచ్చి దోస్తును అమ్ముకున్నవు" అని బాపు ఒకే ఒక్కసారి అన్నాడు.

అయినా నా తెలివి ఆగలేదు. గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను మా దుకాణంలో ఉంది. పెళ్లికూతురి పేరు మూత మీద కొడుతూ, ఎవరూ అడగకపోయినా, అడుగున మా ఫోను నంబరు కూడా కొట్టేవాణ్ణి. ఖర్చులేని ప్రచారం. కోహెడలో, హుస్నాబాద్‌లో, మద్దూరులో ఏ వంటింట్లో గిన్నె బోర్లించినా మా నంబరే. పెళ్లి కుదిరిన ఇల్లు ముందు పొరుగింటి బిందె తిప్పి చూసి మాకు ఫోను చేసేది. మా గిరాకిలో సగం ఆ అడుగు మీద నుంచే వచ్చేది.

అప్పుడు సర్కారు నిద్ర లేచింది. ప్రతి ఫోను నంబరునూ ఆధార్‌తో కలపాలి, వేలిముద్ర వేయాలి, లేకపోతే కోత. రోజుకు నాలుగు మెసేజీలు. ఎవరికి ఫోను కలిపినా ముందు ఒకావిడ అందుకుని, మనం మనమే అని రుజువు చేసుకొమ్మని తియ్యగా బెదిరించేది. జిరాక్సులతో లోకాన్నంతా నింపినప్పుడు కళ్లు మూసుకున్నవాళ్లు ఇప్పుడు మన వేళ్లు పట్టుకుని గీతలు లెక్కపెడతారట. పొలం పనులు మానుకొని ముసలివాళ్లు బస్సులెక్కి వచ్చి సిమ్ముల దుకాణం ముందు ఎండలో నిలబడ్డారు. దొంగలెవరైనా ఆ వరుసలో ఉన్నారేమోనని నేను తొంగిచూశాను. ఒక్కడూ కనబడలేదు. వాళ్లకు పనులుంటాయి కదా.

నా వంతు వచ్చింది. వేలు పెట్టాను. సిమ్ముల దుకాణపాయన తెర చూసి తలెత్తాడు.

"గీ నంబరు నీది గాదు."

"నాది గాకుంటే ఇన్నేండ్ల సంది ఎవరి ఫోను ఎత్తుతున్న?"

"గది నాకెట్ల తెలుస్తది? పేరు కలుస్తలేదు." అంటూ తరాజు కాక పేరు ఇంటిపేరుతో సహా చదివాడు. "గాయన్ని పట్టుకరా. పది రోజులున్నది గడువు. తర్వాత బంద్ పడుతది."

"గిన్నెలల్ల రాసున్నదన్నా నంబరు. కోహెడ పోయి ఎవరినన్న అడుగు."

"మిషిన్ కోహెడ పోదు" అన్నాడాయన. "వెనకాయన, ముందటికి రా."

పెళ్లిళ్ల కాలం రెండు వారాల్లో మొదలు కాబోతోంది. బోర్డు మీది నంబరైతే సున్నం కొట్టి మార్చవచ్చు, స్టీలు మీద చెక్కింది ఎట్లా చెరుపుతాం? రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, మూడో రోజు రోడ్డు దాటాను. కావలసిన సరుకు వైపు చూడకుండా వేరే సరుకు ధర అడగాలన్నది బాపు నేర్పిన మొదటి పాఠం. ఐదేళ్ల తర్వాత కాక మెట్టెక్కి, "కాకా, గీ గరిటె ఎంత?" అన్నాను.

కాక తల ఎత్తలేదు. "మీ దుకాణంల ఫ్రీగ ఇస్తరు కద."

ఇక బేరం ఏముంది? అంతా చెప్పేశాను. కాక మెల్లగా కళ్లజోడు తీశాడు.

"అంటె ఇన్నొద్దులు నా ఫోన్ల మాట్లాడి నా గిరాకిని మీ దుకాణంలకు పిలుచుకున్నవన్నట్టు."

"గట్లనే అనుకో కాకా. ఒక్క వేలు పెట్టు. ఏం కావాలె చెప్పు."

"ఒక్క గిరాకి. మీ మెట్టు మీద కాలు పెట్టినోళ్లను నీ నోటితోని నా దిక్కు పంపాలె. అప్పుడు వస్త."

గండం ఇంత చవకగా గడుస్తుందనుకోలేదు. మరునాడు పొద్దున్నే ఒక ముసలమ్మ ఒక గ్లాసు కోసం వచ్చింది. "అవ్వా, ఎదురుంగ పో, గాడ మంచిగుంటయి" అని చేయి చూపించాను. ఐదు నిమిషాల్లో ఆమె తిరిగొచ్చింది. రోడ్డు అవతల నుంచి కాక గొంతు బజారంతా వినబడింది. "పెండ్లి గిరాకి తీస్కపోయినవు, గిలాస గిరాకి పంపుతవా? తరాజు గిట్ల తూగదు పిలగా."

రోజులు కరిగాయి. రేపటితో గడువు తీరుతుందనగా హుస్నాబాద్ నుంచి ఒక కుటుంబం ఆటో దిగింది. నలుగురు ఆడవాళ్లు, చేతిలో మూరెడు చిట్టీ: బిందెలు, గంగాళం, డజన్ల కొద్దీ పళ్లేలు. తండ్రి కాలు మా మెట్టు మీద పడింది. చిట్టీ వైపే చూస్తున్నాను. గల్లా దగ్గర కూర్చున్న బాపు పేపరు మీద నుంచి కళ్లు తీయకుండా, "చెప్పురా" అన్నాడు. అప్పుడు, నా జన్మలో మొదటిసారి, వచ్చిన గిరాకికి దండం పెట్టి, "పటేలా, గా ఎదురు దుకాణం పాతది. మాకన్న మంచి ఇత్తడి ఉంటది, గాడికి పోర్రి" అన్నాను. వాళ్లు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి రోడ్డు దాటారు. (రెండు గంటలు కొన్నారు. గంగాళాలు ఎన్ని కొన్నారో ఇక్కడి నుంచే చూశాను. చెప్పను.)

మధ్యాహ్నం కాక నా బండి వెనకెక్కి సిమ్ముల దుకాణానికొచ్చాడు. కుడి బొటనవేలు పెట్టాడు. ఎర్ర గీత వచ్చింది. చేయి కడుక్కుని పెట్టాడు, తలకు రుద్దుకుని పెట్టాడు, లుంగీకి తుడుచుకుని పెట్టాడు. మళ్లీ ఎర్ర గీతే. నలభై ఏళ్లు చింతపండుతో, ఇటుక పొడితో ఇత్తడి తోమిన వేలు అది. అద్దంలా నున్నగా ఉంది. మనిషి ఎదురుగా ఉన్నాడు, కార్డు చేతిలో ఉంది, దాని మీద ఆయన మొహమే ఉంది, అయినా ఆయన ఆయన కాదట. గంగాళాలూ పోయాయి, ఇక నంబరు కూడా పోతుంది. ఎనిమిది వేళ్లూ అయ్యాక చివరికి ఎడమచేతి ఉంగరపు వేలికి పచ్చ గీత వచ్చింది.

కాక ఆ వేలును కాసేపు చూసుకున్నాడు. "కష్టం చేసిన వేళ్లను గుర్తువట్టలేదు. ఉంగరం వెట్టుకొని ఉత్తగ కూసున్నదాన్ని గుర్తువట్టింది. సర్కారుకు ఎప్పుడైనా గసొంటోళ్లే దొరుకుతరు" అన్నాడు.

మరునాడు పదింటికి చాయ్ వచ్చింది. ఒకటే చాయ్, రెండు గ్లాసులు.

ఇంత చేశాక కొన్నాళ్లకు, అట్లా కలపడం తప్పనిసరి ఏమీ కాదని తేల్చారు. ఎండలో నిలబడిన ముసలివాళ్లకు బస్సు కిరాయి ఎవరూ తిరిగివ్వలేదు. అరిగిన వేళ్లకు క్షమాపణ మెసేజీ రాలేదు. బెదిరించడానికి రోజుకు నాలుగు పంపినవాళ్లకు, పొరపాటైందని చెప్పడానికి ఒక్కటి దొరకలేదు.

ఇప్పుడు గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. బాపు లేడు, ఆయన గ్లాసు నాకొచ్చింది. నంబరు ఇప్పటికీ కాక పేరు మీదే ఉంది. ఇద్దరం కలిసి పోయి రెండు సంతకాలు పెడితే నా పేరు మీదికి వస్తుందట, ఖర్చు కూడా ఏమీ లేదట. ఉత్తగా వచ్చేదాన్ని వదులుకున్నది నా జీవితంలో అదొక్కటే. మొన్న ఫోన్ల గురించి మళ్లీ ఏదో కొత్త నమోదు అంటూ మెసేజీ వచ్చింది. చదివి తల ఎత్తేసరికి రోడ్డు అవతల కాక కూడా ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని అదే చదువుతున్నాడు. నన్ను చూసి ఎడమచేతి ఉంగరపు వేలును లుంగీకి శుభ్రంగా తుడుచుకున్నాడు. అప్పుడే ఎవరో పెళ్లివాళ్లు ఆటో దిగి, ఎటు పోవాలో తెలియక రోడ్డు మధ్యలో నిలబడ్డారు. నేను నోరు మూసుకుని, వాళ్ల కాళ్లు ఎటు కదులుతాయోనని చూస్తూ కూర్చున్నాను.