తోడల్లుడి పరుగు

లైబ్రరీలో పనిచేసే ఆయన పొద్దున్నే నడకకు వెళ్తాడు గానీ, నడిచేది తక్కువ. వెనక ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడైతే చాలు, తాను వెనకబడ్డట్టు కనపడకుండా వంగి బూటు లేసు సర్దుకుంటాడు, లేదా మోగని ఫోను చెవికి ఆనించుకుంటాడు. ఇంటికొస్తే భార్య తన చెల్లెలి మొగుడు పరుగెడుతున్న ఫొటో చూపించి, "మా మరిదిని చూసైనా నేర్చుకోండి" అంటుంది. దాంతో ఆయన ఉత్సాహం నీరుగారిపోతుంది. ఒక ఆదివారం తోడల్లుళ్లిద్దరూ అత్తగారింటికి ఒకేసారి చేరారు. లిఫ్టు పాడైంది, ఐదంతస్తులు ఎక్కాలి. ఆగితే పరువు పోతుందని ఆయన పళ్లబిగువున ఎక్కుతుంటే, మూడో అంతస్తులో ఆ చిన్నల్లుడు మెట్టు మీద కూలబడ్డాడు.

"అన్నయ్యా, కాసేపు ఆగుదాం. మోకాలు ప్రాణం తీస్తోంది."

"నువ్వా? రోజూ పరుగెడతావుగా!"

"మానేసి చాన్నాళ్లయింది. అవన్నీ పాత ఫొటోలు. 'బావగారు ఒక్కరోజైనా నడక మానరు, మీరూ ఉన్నారు' అని మీ మరదలు ఒకటే పోరు. అది పడలేక అవే మళ్లీ మళ్లీ ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నా."

ఆయనకు నవ్వాగలేదు. తానూ పక్కనే చతికిలబడి, తన నడక బండారం మొత్తం చెప్పేశాడు. పైనుంచి అత్తగారు కేకేసింది.

"ఎక్కడిదాకా వచ్చారు బాబూ?"

"మూడో అంతస్తులో కూర్చున్నామండీ," అన్నాడాయన హాయిగా, గట్టిగా. "ఆయాసం తీరాక వస్తాం!"