హోదన్ ఇంటర్వ్యూని నేనెలా చెడగొట్టానంటే

ఒక మనిషికి రావలసిన ఉద్యోగాన్ని, ఆ మనిషి మీద ఎంతో అభిమానంతో, రెండు శనివారాలు చెమటోడ్చి మరీ ఎలా పోగొట్టవచ్చో తెలుసుకోవాలంటే ఇది చదవండి. మీలో కొందరు ఈ కథని పార్టీల్లో నా నోటనే విన్నారు. పకోడీలు నములుతూ నవ్వారు కూడా. అప్పుడు చెప్పింది సగమే నిజం. తక్కిన సగం ఇదిగో.

కొలంబస్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో, సోమాలియా నుంచి వచ్చినవాళ్లకి ఉద్యోగాలకు పనికొచ్చే ఇంగ్లీషు నేర్పేవాణ్ణి. షిఫ్టు, సూపర్‌వైజర్, రెఫరెన్స్, సెలవు అడిగే పద్ధతి, ఇలాంటివి. ఇరవయ్యేళ్లుగా ఐటీలో నలుగుతున్నవాణ్ణి, ఉద్యోగాల భాష నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

హోదన్ అనే ఆవిడ ముందు వరసలో కూర్చునేది. నలభై దాటాయి, ముగ్గురు పిల్లలు. ఒక ఆసుపత్రి లాండ్రీలో సాయంత్రం షిఫ్టు. నన్ను ‘మఅల్లిన్’ అని పిలిచేది. వాళ్ల భాషలో మాష్టారని. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి, మీకోసం తెలుగు చేస్తున్నాను.

“మఅల్లిన్, ఊరవతల ఇంకో ఆసుపత్రి లాండ్రీలో పగటి షిఫ్టు సూపర్‌వైజర్ కావాలట. ఇప్పుడు పిల్లలు బడి నుంచి వచ్చేసరికి నేను పనికి బయలుదేరుతున్నాను. మా చిన్నదాన్ని నిద్రలోనే చూస్తున్నాను. ఇది గనక వస్తే...” అంటూ తను రాసుకున్న కాగితం ఇచ్చింది.

అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. దుప్పట్లు మడతపెడతాను. కొత్తవాళ్లకి పని నేర్పుతాను. యాభై పౌండ్ల మూట ఎత్తుతాను. ఆరేళ్లలో ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు.

నాకు జాలేసింది. (ప్రమాదమంతా అక్కడే ఉంది. నాకు జాలేసినప్పుడల్లా ఎవరో ఒకరు మునుగుతారు.)

“ఇది రెజ్యూమేనా అమ్మా? కిరాణా చీటీలా ఉంది!”

“కిరాణా చీటీ చూస్తే షాపువాడికి అర్థమవుతుంది కదా, మఅల్లిన్?”

ఆ ప్రశ్న దగ్గర ఆగి ఉంటే బాగుపడేవాణ్ణి. కానీ మన రెజ్యూమేల సంగతి మీకు తెలియనిదా? నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. మనవాళ్లు దాన్ని నూరు అబద్ధాలాడైనా ఒక ప్రాజెక్టు పట్టమని సవరించుకున్నారు. ఆ సంప్రదాయం ప్రకారం నాలుగు వాక్యాలను మూడు పేజీలు చేశాను. మడతపెట్టడం ‘వస్త్ర నిర్వహణ ప్రక్రియల రూపకల్పన’ అయింది. మూటలెత్తడం ‘సరఫరా వ్యవస్థకు నాయకత్వం’ అయింది. ప్రకటనలో పేరున్న ప్రతి యంత్రమూ ఆవిడ అనుభవంలోకి వచ్చి చేరింది.

“ఈ కొత్త మెషీన్‌ని నేనెప్పుడూ చూడనేలేదే?”

“చూడక్కర్లేదు. ఏదడిగినా ‘తెలియదు’ అనకూడదు. ‘అందులో నాకు మంచి అనుభవం ఉంది’ అనండి. ఉద్యోగం వచ్చాక వీకెండ్‌లో నేర్చుకోవచ్చు.”

“అది అబద్ధం కాదా?”

“కాదమ్మా, అది కాన్ఫిడెన్స్!”

ఆవిడ ఆ వాక్యాన్ని నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత కూడా గీసుకుంది.

ఇంటర్వ్యూలో మేనేజరమ్మ అడిగిందట, “ఈ మెషీన్ మీరు నడిపారా?” అని.

“అందులో నాకు మంచి అనుభవం ఉంది.”

“భలే! రండి, ఒకసారి ఆన్ చేసి చూపిద్దురు గాని.”

అయ్యా, మన ఇంటర్వ్యూలు ఫోన్లో జరుగుతాయి. ఎవరూ చెయ్యి పట్టుకుని సర్వర్ గదికి లాక్కెళ్లరు. ఆ తేడా నాకు తట్టలేదు. బస్సంత మెషీన్ ముందు నిలబడి హోదన్, “క్షమించండి, ఇది నాకు రాదు. వచ్చని చెప్పమని మా మాష్టారు నేర్పారు” అంది.

మేనేజరమ్మ కోప్పడలేదట. మూడు పేజీలూ తిరగేసి, “వీటిలో ఏది నిజమో నాకెలా తెలుస్తుంది?” అని మాత్రం అడిగిందట. ఆరేళ్లలో ఒక్కరోజూ ఆలస్యంగా రాని మనిషిని! నేనంటించిన అబద్ధాలు పోతూ పోతూ ఆవిడ నిజాలను కూడా తీసుకుపోయాయి. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. ఆ కోతి నయం, సొంత వనం చెరుపుకుంది.

ఆ శనివారం క్లాసుకొచ్చి హోదన్ జరిగినదంతా చెప్పింది. “ఆ మేనేజర్‌కి నేను క్షమాపణ ఉత్తరం రాస్తాను” అన్నాను.

“వద్దు మఅల్లిన్. మీరు రాస్తే అదీ మూడు పేజీలవుతుంది.”

ఇక పార్టీల్లో నేను చెప్పిన కథ: “పాపం, అంత నేర్పినా ఆవిడ కంగారుపడి చెడగొట్టుకుంది.” అందరూ నవ్వారు. తిరిగొస్తూ కార్‌లో మా ఆవిడ పద్మ, “చెడగొట్టింది ఆవిడ కాదుగా?” అంది. నేను జీపీఎస్ సౌండ్ పెంచాను. ఇల్లు మూడు నిమిషాల దూరంలో ఉంది.

కొన్ని నెలలకి అక్కడే మళ్లీ ఖాళీ వచ్చింది. హోదన్ నాకు చెప్పకుండా తన పాత కాగితంతోనే వెళ్లింది. అదే మేనేజరమ్మ. చివర్లో, “మీ బలహీనత ఏమిటి?” అని అడిగిందట.

“మాష్టార్లు ఏం చెప్పినా నమ్మేస్తానండీ. ఇప్పుడు తగ్గించుకుంటున్నాను.”

ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి చెబుతూ క్లాసంతా నవ్వించి, ఇక సాయంత్రాలు పిల్లలతోనేనంటూ లేచి వెళ్లిపోయింది.

కనుక పంచభూతాల సాక్షిగా, పద్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఒకరి రెజ్యూమేలో అక్షరదోషం తప్ప ఇంకేదీ ముట్టుకోను. మాట తప్పితే, దేవుడు నన్ను వచ్చే జన్మలోనూ ఐటీలోనే పుట్టించుగాక.