పౌండు పెరిగేదాకా

ఆ మూడు నెలలూ నేను మనిషిలా లేను. పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చూస్తూ నిలబడితే పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ బల్ల కింద ఫోను చూసేదాన్ని. బస్సులో చూసేదాన్ని, చర్చిలో చూసేదాన్ని, ఆఖరికి ఒకళ్ళింట్లో మనిషి పోతే పలకరించడానికి వెళ్ళి అక్కడ కూడా చూశాను. ఇంతా చేసి నేను చూసేది ఒక్కటే, ఇవాళ ఇంగ్లండు పౌండుకి మన రూపాయలు ఎన్ని వస్తాయని. నన్ను చూసి మా అమ్మ, దీన్నేదో పట్టుకుంది, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించాలి అనేది.

పట్టుకుంది మా ఇంటి వెనకాల చేను. మా ఊరు చిలకలూరిపేట అవతల, నల్లరేగడి నేల, పత్తి, మిరప తప్ప మాకు వేరే లోకం లేదు. ఊళ్ళో మేముండే పేటని ఆనుకుని ఎకరన్నర చెక్క ఒకటుంది. దాంట్లో మా తాత కూలి చేశాడు. మా నాన్న దాన్నే కౌలుకి తీసుకుని పాతికేళ్ళ పైనుంచి సేద్యం చేస్తున్నాడు. పండినా ఎండినా కౌలు కట్టాల్సిందే. నేను డిగ్రీ తర్వాత చదవకుండా ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది కూడా ఒక ఏడు నల్లి తెగులొచ్చి, కౌలు నెత్తిన పడినందుకే. ఆ చేను ఆసామి హైదరాబాదులో ఉంటాడు. చలికాలంలో ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. అమ్మేస్తున్నాను, ఇన్నాళ్ళూ చేసుకున్నవాళ్ళు కదా, ముందు మీకే చెబుతున్నాను అన్నాడు.

అమ్మ అక్కడికక్కడే మోకరించింది. నాన్న వెళ్ళి చేను చుట్టూ గట్టు మీద నడిచి వచ్చాడు. నాకైతే ఆ చేను కావాలి, అంతే. మా వంశంలో ఒక్కళ్ళ పేరు మీదా సెంటు భూమి లేదు. ఆ మట్టి మాది అనిపించుకోవాలని నాకెంత ఉబలాటమో చెప్పలేను.

డబ్బు మా అక్క దగ్గర ఉంది. అక్క ఇంగ్లండులో నర్సు, వెళ్ళి నాలుగేళ్ళు దాటింది. ఇద్దరమ్మాయిలతో ఒక గదిలో సర్దుకుని, తినీ తినకా దాచింది. సంగతి చెప్పగానే, నా దగ్గరున్నదంతా పంపేస్తాను, కొనెయ్యండి అంది. అప్పుడు పౌండు నూట పంతొమ్మిది మీద ఉంది. లెక్క వేస్తే ఎకరన్నరకి బొటాబొటీగా సరిపోతుంది. ఇంకేం, రేపో ఎల్లుండో అయిపోయిందనుకున్నాను. మా నాన్న సంగతి మర్చిపోయాను.

మా నాన్న జన్మలో ఏదీ మొదటి రేటుకి అమ్మలేదు. గుంటూరు మిర్చి యార్డుకి సరుకు తీసుకెళ్ళి, రేటు నచ్చకపోతే అదే లారీలో కోల్డ్ స్టోరేజీకి తోలించే రకం. మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు. కాయ ఏసీలో పెట్టి నెలలు నెలలు కూర్చుంటాడు. ఒక ఏడు అలా కూర్చుని బాగా గిట్టుబాటు చేసుకున్నాడు, దాంతోనే మా ఇంటికి స్లాబు పడింది. అప్పట్నుంచీ ఆయనకి అదే వేదం. పోయినేటి కాయ అరవై టిక్కీలు, అంటే బస్తాలు, ఇంకా ఏసీలోనే ఉన్నాయి. క్వింటా పద్దెనిమిది వేలు పలికినప్పుడు ఇరవై రావాలన్నాడు, ఆ తర్వాత రేటు పాతాళానికి పోయింది. అయినా మనిషి బెసగలేదు.

పౌండు సంగతి విని కూడా ఆయన ఏమాత్రం తొణక్కుండా, నూట ఇరవై అయ్యాక పంపమన్నాడు. ఒక్క రూపాయే కదా, వచ్చుద్దిలే అన్నాడు. ఈలోపు ఏమైనా అయితేనో అంటే, "ఇంగ్లండంతా ఏసీయే కదమ్మా, అక్కడ పౌన్లేం చెడిపోతాయి" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోనులో అక్క కూడా నవ్వింది. ఆమె ఆయన మాట ఎప్పుడూ కాదనదు, ఆయన మొండితనమంతా నాకొచ్చింది.

రావాల్సిన ఆ ఒక్క రూపాయి రాకపోగా, ఉన్నది కూడా పోవడం మొదలైంది. నూట పద్దెనిమిది అయింది. ఒకరోజు కాస్త ఎగిసింది, నాన్న చూశావా అన్నట్టు నా వంక చూశాడు. మర్నాటికి మళ్ళీ దిగింది. నేను రోజూ పొద్దున్నే అక్కకి వాట్సప్‌లో రేటు పెట్టేదాన్ని. ఇంకా పడింది చూడు, నీకు చీమ కుట్టినట్టయినా లేదా, నాన్నని అడక్కుండా పంపెయ్యవే అని కింద రాసేదాన్ని. ఆమె ఒక నవ్వు బొమ్మ పెట్టేది, లేకపోతే డ్యూటీలో ఉన్నా అనేది. ఈ మధ్య ఎప్పుడు చూసినా డ్యూటీలోనే ఉంటున్నావేంటే అని విసుక్కునేదాన్ని.

ఇది చాలదన్నట్టు ఇంట్లో దశమభాగం గొడవ ఒకటి. అక్క ఇంటి ఖర్చులకి నెలనెలా కొంత పంపుతుంది. అందులో పదోవంతు అమ్మ చర్చికి ఇస్తుంది. అక్క పంపిన పౌండ్లకి బ్యాంకులో పడిన రూపాయలెన్నో వాటిలో పదోవంతు అని నాన్న లెక్క. అలా కాదు, ఫోనులో కనపడే రేటు ప్రకారం కట్టాలని అమ్మ. బ్యాంకు వాడు మధ్యలో మిగుల్చుకున్నదానికి నేనెందుకు కట్టాలని ఆయన. "యార్డులో నీకు తరుగు తీస్తే ఊరంతా చెప్పుకుని ఏడుస్తావు, దేవుడి దగ్గర నువ్వు తరుగు తీస్తావా" అని అమ్మ. తేడా కట్టి చూస్తే నాలుగు కొబ్బరి బొండాల ఖరీదు కూడా లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ పిచ్చి పట్టిందని చెప్పడానికి ఇది చెబుతున్నాను.

పౌండు నూట పదిహేనుకి దిగిన వారంలోనే భూమి బ్రోకరు మా ఇంటికొచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. తుళ్లూరు వైపు నుంచి ఒక పార్టీ వచ్చి చేను చూసుకుపోయిందట. రాజధానికి ఇచ్చిన భూముల తాలూకు డబ్బు వాళ్ళ చేతిలో ఆడుతోంది, బేరం కూడా ఆడకుండా సరే అన్నారట. ఆసామి పెద్దమనిషి కాబట్టి ఇంకా మాకే మొగ్గుతున్నాడు, కానీ ఎల్లుండి సాయంత్రానికి రెండున్నర లక్షలు అడ్వాన్సు చేతిలో పడకపోతే వాళ్ళకి రాసిచ్చేస్తాడు. పడితే మాత్రం మిగతాదానికి మూడు నెలలు టైము ఇస్తాడు. ఈ మాట చెప్పి బ్రోకరు వెళ్ళిపోయాడు.

నేనింక ఆగలేకపోయాను. నోటికొచ్చినట్టల్లా అన్నాను. అక్క పంపుతానంటే పంపనియ్యవు, నీ రేటు పిచ్చితో మిరపకాయలు ముంచావు, ఇప్పుడు చేను కూడా పోగొడతావు, తుళ్లూరోళ్ళు కంచె వేసుకున్నాక ఆ కంచె ఇవతల నిలబడి చూస్తూ ఉండు అన్నాను. అమ్మ నోరుముయ్యమని నా రెక్క పట్టి లాగింది. నాన్న తల వంచుకుని గోళ్ళలో మట్టి తీసుకుంటూ కూర్చున్నాడు. అలా అన్నందుకు నాకే సిగ్గేసింది గానీ, కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు తెల్లారేసరికి స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని, బడికి సెలవు పెట్టు, గుంటూరు వెళ్ళొద్దాం అన్నాడు. బ్యాంకుకేమో, అక్కడ్నుంచి అక్కకి ఫోను చేయిస్తాడేమో అనుకుని ఎగురుకుంటూ బయల్దేరాను. బస్సు దిగాక ఆటో మిర్చి యార్డు దారి పట్టింది. గేటు ఇంకా చాలా దూరం ఉండగానే ఘాటు తగిలి తుమ్ములు మొదలయ్యాయి.

మా సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి కొట్లోకి వెళ్ళి, ఏసీలో ఉన్న కాయంతా ఇవాళే తీసి అమ్మేయమన్నాడు నాన్న. ఆయన ముందు వేళాకోళమనుకున్నాడు. మా నాన్నని ముప్ఫై ఏళ్ళుగా ఎరిగిన మనిషి. రేటు పదకొండు వేలు కూడా గట్టిగా లేదు, ఇంతకాలం ఆగినవాడివి ఇంకొన్నాళ్ళు ఆగలేవా అని అడిగాడు. నాన్న ఆగలేనన్నాడు. డబ్బు ఈ రోజే కావాలంటే దాని కోత వేరే ఉంటుంది, ఆలోచించుకో అన్నాడు వ్యాపారి. కోసుకోమన్నాడు నాన్న. ఏసీ నుంచి తెచ్చిన మచ్చు కాయలు కొనేవాడొకడు పిడికిట్లో నలిపి, రంగు తగ్గిందని ఇంకో మూడొందలు కొట్టేశాడు. దానికీ తలూపాడు. బేరమాడకుండా తలూపే మా నాన్నని నేను అదే మొదటిసారి చూడటం. నాకక్కడ నిలబడబుద్ధి కాలేదు.

అద్దె, కమీషను, కోతలు అన్నీ పోను చేతికొచ్చింది అడ్వాన్సుకి చాలలేదు. మిగతాది ఆ వ్యాపారే, వచ్చే పంట నా కొట్టుకే తోలాలి అని చెప్పి సర్దాడు. డబ్బు సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాక నేనడిగాను. అక్క పౌండ్లు ఓ రెండు వేల రెండొందలు తెప్పిస్తే అడ్వాన్సు అయిపోయేది కదా, కాయని ఇంత అన్యాయంగా ఎందుకు అమ్ముకున్నావని.

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పాడు. "కాయ నాది. నా చెమట నేను ఎంతకైనా అమ్ముకుంటా, అడిగేవాడెవడు? దాని పౌన్లు అట్టా కాదు. పౌనుకి రూపాయి పడితే, మొత్తం మీద ఆ పిల్ల చేసిన రాత్రి డ్యూటీ ఒకటి ఉత్త పుణ్యానికి పోయినట్టు. నేను లెక్క వేశా. రాత్రంతా రోగుల్ని ఎత్తీ దించీ నడుం పడిపోతోందని మీ అమ్మతో చెప్పుకుంటంటే విన్నా. ఆ రాత్రుళ్ళని తక్కువకి అమ్మడానికి నాకు చేతులు రావటల్లా."

మూడు నెలలుగా ఆయన్ని లోభి అనుకున్నాను, చాదస్తం అనుకున్నాను. ఏడుపొచ్చింది, మిరప ఘాటు మీదకి నెట్టేసి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

బ్రోకరు చేతికి అడ్వాన్సు ఇచ్చి, కాగితం రాయించుకుని ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. అక్క రాత్రి డ్యూటీ చేసి నిద్రపోయి లేచే వేళ. వీడియో కాల్ చేసి ఫోను నాన్న చేతికిచ్చాను. ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత కళ వచ్చింది. చేను మాట ఖాయమైంది, మూడు నెలలు టైముంది, ఇంక మనకి తొందర లేదు, నూట ఇరవై అయ్యేదాకా నీ పౌన్లు కదిలించొద్దు అని హుషారుగా చెప్పాడు. కాయ అమ్మిన సంగతి ఎత్తలేదు. వెనకనుంచి అమ్మే చెప్పేసింది, ఎంతకి అమ్మాడో కూడా.

అక్క ఫోను మొహానికి దగ్గరగా పట్టుకుంది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉండటం నేనప్పుడు చూశాను. ఫోనులో రోజూ చూస్తూనే ఉన్నాను కదా, ఎలా కనపడలేదో.

"ఇంకో మూడు నెలలు నావల్ల కాదు నాన్నా" అంది. "చెల్లి రోజూ రేటు పెడతంది గదా. రూపాయి పడినప్పుడల్లా చేనుకి తక్కువ పడుద్దేమోనని భయమేసి, ఒక రాత్రి ఎక్కువ రాయించుకుంటన్నా. పోయిన నెలలో నాకు సెలవనేదే లేదు."

రూపాయికి ఒక రాత్రి. ఇక్కడ ఆయన వేసిన లెక్కే అక్కడ ఆమె కూడా వేసింది. రాత్రుళ్ళు నష్టపోకూడదని ఈయన ఆగాడు, ఈయన ఆగినకొద్దీ ఆమె రాత్రుళ్ళు చేసింది. నాకు ఆ నిమిషంలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

నాన్న ఫోనుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇవాళ రాత్రి డ్యూటీకి పోతన్నావా?"

పోతున్నానంది.

"రాలేనని చెప్పు. చెప్పి, పౌన్లన్నీ ఇప్పుడే పంపించెయ్యమ్మా."

ఇవాళ ఇంకా పడిందట నాన్నా, ఎంతుందో చూసి చెప్పనా అంది అక్క.

వద్దన్నాడు.