చుక్కలక్క వేసిన ఏనుగు

మొహం మీదో, ముంజేతి మీదో ఎప్పుడూ ఒక రంగు చుక్క ఉంటుంది కాబట్టి తోటి పెయింటర్లు ఆమెను చుక్కలక్క అంటారు. ఇంట్లో భర్త మాత్రం అక్కను తీసేసి చుక్కా అని పిలుస్తాడు.

ఆ రోజుల్లో ఆమె పని చేస్తున్నది పుట్టబోయే పాపాయి కోసం ఎవరో చేయించుకుంటున్న గదిలో. గోడల నిండా మేఘాలు, గాలిపటాలు, కిటికీ పక్కన పొడుగాటి జిరాఫీ. పిల్లల చేతి మరకలు తడిగుడ్డతో తుడిస్తే పోవాలి, అందుకని ఆయిల్ రంగే వెయ్యమన్నారు ఇంటివాళ్లు. తడి రంగు మీద దుమ్ము పడుతుందని కాంట్రాక్టరు కిటికీలన్నీ బిగించాడు. లోపల థిన్నరు వాసనకు కళ్లు మండుతున్నాయి.

ఇంటావిడ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఈ వాసన మా కోడలికి మంచిది కాదని డాక్టరు చెప్పింది. అందుకే వాళ్లక్క ఇంట్లో ఉంచాం. కొంచెం తొందరగా కానివ్వమ్మా."

"అయిపోతుందమ్మగారూ" అంటూ చుక్కలక్క నిచ్చెన మీద నుంచి ఇటు తిరిగింది. ఏడో నెల. పొట్ట నిచ్చెన మెట్టుకు ఆనుకుని ఉంది.

ఇంటావిడ అప్పుడే చూసింది. చెడ్డ మనిషి కాదు. "అయ్యో, జాగ్రత్త తల్లీ" అంది. మళ్లీ గుర్తొచ్చినట్టు, "కింద టైల్సు కూడా కొత్తవి" అంది.

కింద రంగు కలుపుతున్న పెద్దక్క, ఈ పనిలో తల నెరిసిన మనిషి, దగ్గుతో నవ్వు కప్పుకుంది. ఇంటావిడ వెళ్లగానే, "పడితే టైల్సు మీద పడకే, నా మీద పడు. నేనెలాగూ పాతదాన్నేగా" అంది.

కడుపుతో ఉన్న మనిషి నిచ్చెన ఎక్కకూడదని చెప్పేవాళ్లు బోలెడంత మంది. ఎక్కకపోతే ఆ పూట పొయ్యి ఎలా వెలుగుతుందో చెప్పేవాళ్లే దొరకరు. ఈ గదిలో రంగు ఆరేదాకా ఒక గర్భిణిని ఊరి ఇంకో చివర దాచారు. ఆ రంగు వేస్తున్న గర్భిణికి కిటికీ రెక్క ఒకటి తెరవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

డబ్బా అడుగున మిగిలింది డబ్బా ఖాళీ చేసినవాళ్లది. పెయింటర్లలో అదొక కట్టుబాటు. ఆ అడుగు రంగుల్ని చుక్కలక్క చిన్న సీసాల్లో పోసుకుని ఇంటికి తెచ్చేది. ఇల్లంటే ఒక గది, ఒక వంట మూల. ఇనప బీరువాను గుమ్మం వైపు జరిపితే దాని వెనక మంచమంత గోడ బయటపడింది. అదే తన బిడ్డ గది అంది. దర్జీ పని చేసే భర్త, కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్కలు కలిపి దానికొక తెర కుట్టాడు.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ సంబరం" అంది అత్తగారు.

"చూలుంది కదా అత్తయ్యా! ఆలు కూడా ఇదిగో, మీ ఎదురుగానే ఉంది."

"నోరు మాత్రం బాగానే ఉంది" అని అత్తగారు తనే వెళ్లి కొత్త తెరను ఇస్త్రీ చేసింది.

గోడకు చుక్కలక్క కూడా ఆయిల్ రంగే వేసింది. తన బిడ్డ చేతి మరకలు కూడా తడిగుడ్డతో పోవాలి కదా. ముందు పసుపుపచ్చ సూర్యుడు. తర్వాత ఏనుగు. నీలం నడుము దాకానే వచ్చింది కాబట్టి కాళ్లు ఆకుపచ్చగా మారాయి.

భర్త తల పక్కకు వాల్చి చూశాడు. "గడ్డిలో దిగిన పందా?"

"ఏనుగు."

"తొండమేదీ మరి?"

"నీలం అయిపోయింది. రేపు అక్కడ మేఘాల అంచులు దిద్దాలి, డబ్బా అడుగున మిగులుతుంది. తెచ్చి వేస్తా."

"అప్పటిదాకా పందే."

"నీ కూతురు నమ్ముతుందిలే."

"కూతురని నీకెవరు చెప్పారు?"

"లోపలి నుంచి ఊరికే తంతోంది. మీ అమ్మ పోలిక."

వంట మూల నుంచి అత్తగారు గరిటె చప్పుడు చేసింది.

మర్నాడు మధ్యాహ్నం నిచ్చెన మీద ఉండగా, పొద్దుటి నుంచి ఒక్క తన్నూ తగల్లేదని ఆమెకు తట్టింది. పెద్దక్కకు చెప్పింది. "దిగు, ఇప్పుడే దిగు" అంది పెద్దక్క. "ఈ ఒక్క గోడా అయ్యాక వెళ్లమను, అంచు ఎండిపోతే గీత పడుతుంది" అన్నాడు కాంట్రాక్టరు. గీత పడుతుందని ఆమెకూ తెలుసు. గోడ పూర్తి చేసే దిగింది.

ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు.

"రంగు వాసన వల్లా?" అని ఆమె అడిగితే, కచ్చితంగా చెప్పలేమంది డాక్టరు. పేరు ఏం రాయాలని భర్త అడిగితే, ఏడవని బిడ్డకు పేరెందుకు బాబూ, అంది నర్సు. అత్తగారు కోడలి తల నిమురుతూ ఓదార్చింది. "ఊపిరే పోసుకోలేదమ్మా. బిడ్డ అనుకుంటే తట్టుకోలేవు. కలొచ్చి పోయిందనుకో."

"కల తన్నదు అత్తయ్యా" అంది చుక్కలక్క.

ఇంట్లో అడుగు పెట్టగానే రంగు వాసన. బీరువా వెనక గోడ తెల్లగా ఉంది. ఆమె వచ్చి చూసి ఏడవకూడదని భర్త పని మానుకుని, కొట్లో నీళ్లలో కలిపే మామూలు గోడ రంగు కొనుక్కొచ్చి పూసేశాడు. చేతులు, చెవులు, చొక్కా, అంతటా తెలుపే.

ఆమె గోడ మీద అరచెయ్యి పెట్టింది. "గరుకు కాగితంతో రుద్దావా ముందు?"

"లేదు. రుద్దాలా?"

రుద్దని ఆయిల్ రంగు మీద నీళ్ల రంగు నిలవదు. ఆరాక పెచ్చులు లేస్తుంది. ఇది ఈ పనిలో మొదటి వారం నేర్పే పాఠం. ఆమె ఆ మాట చెప్పలేదు. పాలు వచ్చి రవిక తడిసిపోతుంటే, తువ్వాలు గట్టిగా చుట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

పెద్దక్క చూడటానికి వచ్చి, కాంట్రాక్టరు పంపిన కబురు చెప్పలేక చెప్పింది. "ఇప్పుడు నిచ్చెన ఎక్కడానికి ఇబ్బంది లేదుగా, ఎప్పుడొస్తుంది అంటున్నాడే."

"నువ్వేమన్నావు?"

"ముందు కిటికీలు తీయించు, తర్వాత మనిషినడుగు అన్నా. మేం నలుగురం బ్రష్షులు కింద పెట్టి కూర్చున్నాం. తీశాడు." గొంతు తగ్గించింది. "ఆ ముక్క ముందే అనాల్సింది తల్లీ."

ముందే అని ఉంటే ఏమయ్యేదో చెప్పగలిగినవాళ్లు లేరు. కిటికీలు తెరవడానికి మాత్రం ఒక్క నిమిషం పట్టలేదు.

కొన్నాళ్లకు తెలుపు లేవడం మొదలైంది. మొదట పసుపు సూర్యుడి అంచు తొంగిచూసింది. తర్వాత ఆకుపచ్చ కాలొకటి. ఒక సాయంత్రం భర్త దుకాణం నుంచి వచ్చేసరికి నేలంతా తెల్ల పెచ్చులు. చుక్కలక్క గోడ ముందు కూర్చుని, లేచిన పెచ్చును గోటితో మెల్లగా ఊడదీస్తోంది. నీలం వీపు మొత్తం బయటపడింది.

అతను చేతిలో సంచి కింద పడేశాడు. "నాకు తెలీక పూశాను చుక్కా. రేపు గరుకు కాగితం తెచ్చి సరిగ్గా రుద్ది మళ్లీ..."

"రుద్దకు."

అతను ఆమె పక్కనే పెచ్చుల మీద కూర్చున్నాడు. అత్తగారు దీపం వెలిగించబోయి, ఇద్దర్నీ చూసి ఆగిపోయింది.

ఇంకో పెచ్చు ఊడదీసి చుక్కలక్క అంది. "అందరూ బిడ్డే కాదంటున్నారు."

అతనికి అర్థమైంది. గోడ మీది బొమ్మను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "ఏనుగే" అన్నాడు.

"తొండం లేదుగా."

"లేకపోయినా ఏనుగే చుక్కా."

అప్పుడు ఏడ్చింది ఆమె, ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి, ఇల్లంతా వినపడేలా.