టెన్నిస్ కూర్మయ్య కొన్న బూట్లు

బెంగాల్లో ఓడరేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌లో, మన సిక్కోలు వాళ్ళుండే గల్లీలో కూర్మయ్యని వట్టి కూర్మయ్య అనేవాళ్ళు లేరు. టెన్నిస్ కూర్మయ్య అంటేనే పలుకుతాడు. తండ్రీ తాతా ఓడరేవులో బస్తాలు మోసినవాళ్ళు. ఇతనొక్కడే మైదానం పక్కనున్న టెన్నిస్ క్లబ్బులో పనికి కుదిరాడు. పచ్చికకి నీళ్ళు పెట్టడం, రోలరు లాగడం, సున్నం గీతలు గియ్యడం అతని పని. పచ్చిక నలగకూడదని అక్కడి పనివాళ్ళంతా వట్టి కాళ్ళతోనే తిరుగుతారు. అంటే ఇన్నేళ్ళలో కూర్మయ్య ఆటబూటు తొడిగింది లేదు, రాకెట్టు పట్టి ఒక్క బంతి కొట్టిందీ లేదు. ఈ ముక్క గల్లీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పమని ఎవరడిగారు గనక!

పక్కింటి పున్నమ్మ కార్పొరేషన్లో వీధులూడుస్తుంది. ఆమె కూతురు రమాకుమారి బడిలో బ్యాడ్మింటన్ బాగా ఆడుతుందని, ఒక పెద్ద శిక్షణ శిబిరానికి పిల్లల్ని ఎంచే పోటీకి పంపమని మాస్టారు చెప్పాడు. గెలిస్తే చదువూ తిండీ ఆటా అన్నీ వాళ్ళే చూసుకుంటారు. పున్నమ్మ దసరాకి వచ్చిన తన పూజా బోనస్ తెచ్చి కూర్మయ్య చేతిలో పెట్టి, "నాకేటి తెలుస్తాది అన్నా, నువ్వే సూసి కొను" అంది. నాకూ తెలీదనడానికి నోరు రావాలి కదా. రాలేదు.

కొట్లో బెంగాలీ దుకాణదారు మర్యాదగానే అడిగాడు, పిల్ల ఆడేది లోపల చెక్క నేల మీదా, బయటా అని. కూర్మయ్యకి ఒళ్ళు మండింది. టెన్నిస్ క్లబ్బు మనిషిని పట్టుకుని ప్రశ్నలా! ఆయన తేలికపాటి జత ఒకటి తీశాడు, అడుగున పలచటి గోధుమరంగు రబ్బరుది. రమాకుమారి తొడుక్కుని అటొక గెంతూ ఇటొక గెంతూ వేసింది. పిల్ల మొహం వెలిగిపోయింది. కూర్మయ్య చూశాడు, చూడలేదనడానికి లేదు. చూసి కూడా, ఆ అడుగు వంచి, ఇది నెల్లాళ్ళకే అరిగిపోతుందని పక్కన పడేసి, క్లబ్బులో బాబులు వేసుకునేలాంటి మందపాటి నల్ల అడుగు బూట్లు కట్టించాడు. రాకెట్టు పిడి సంగతీ అంతే. చేతికి నిండుగా ఉండాలని టెన్నిస్ గ్రిప్పు తెచ్చి, పాతదాని మీదే చుట్టేశాడు. పిల్ల ఆడి చూసి, వేళ్ళ మధ్య పిడి తిరగడం లేదని మెల్లగా చెప్పింది. అలవాటవుతుందిలే అన్నాడు. పెద్దవాళ్ళ మాటకి ఎదురుచెప్పే పిల్ల కాదు.

పోటీకి రమాకుమారిని కూర్మయ్యే తీసుకెళ్ళాడు. హాలు గుమ్మం దగ్గరే ఒక పెద్దావిడ పిల్లల బూట్లు తిప్పి చూస్తోంది. రమాకుమారి బూటు అడుగుని బొటనవేలితో రుద్ది, ఇవి బయట టెన్నిస్ కోర్టుకి వేసుకునేవి, చెక్క మీద నల్లచారలు పడతాయి, వేరే జత వేసుకో అంది. వేరే జత ఎక్కణ్ణుంచి వస్తుంది! కూర్మయ్య ముందుకొచ్చి, తాను టెన్నిస్ క్లబ్బులో ఏళ్ళ తరబడి ఉన్నవాడినని బెంగాలీలో గట్టిగా చెప్పాడు. ఆవిడ కోప్పడను కూడా లేదు.

"ఇది టెన్నిస్ కాదు కదా, దాదా" అంది.

వెనకున్న తల్లులు నవ్వారు. కూర్మయ్యకి తల కొట్టేసినట్టయింది.

ఆట ముగించుకున్న పిల్లెవరో జాలిపడి తన బూట్లిచ్చింది. అవి ఇరుకు. రమాకుమారి కాలివేళ్ళు ముడుచుకునే ఆడింది, అయినా పరుగులో తగ్గలేదు. నెట్టు దగ్గర మాత్రం, మెత్తగా తిప్పి వదలాల్సిన షటిల్ ప్రతిసారీ నెట్టుకే తగిలింది. ఆ లావుపాటి పిడి మీద పిల్ల వేళ్ళు బిగుసుకుపోవడం కూర్మయ్యకి గోడ దగ్గర్నుంచి కూడా కనిపించింది. ఓడిపోయాక ఆ పెద్దావిడే వచ్చి, చెయ్యి మంచిదేగానీ పాపం వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరు అని చెప్పి వెళ్ళింది.

తిరుగు బస్సెక్కారు. ఛీ, నాదీ ఒక బతుకేనా అని దారిపొడుగునా తనని తాను తిట్టుకున్నాడు కూర్మయ్య. ఇంటికెళ్ళగానే పున్నమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేయాలనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, అంతవరకూ ఒప్పుకోవాలి.

గల్లీ మొదట్లోనే పున్నమ్మ ఎదురొచ్చింది. కూర్మయ్య గొంతు సవరించుకునేలోగా పిల్లే చెప్పేసింది.

"మావయ్య కొన్నవి మంచివేనమ్మా. నాకే ఆడ్డం రానేదు."

పున్నమ్మ కూతురి వీపు మీద ఒక్కటి చరిచింది. అంత తెలిసిన మనిషి పనిమానుకుని వెంట వస్తే ఇలాగేనా ఆడేది అని తిట్టింది. తర్వాత కూర్మయ్య వైపు తిరిగి, నీ పరువు తీసేసింది అన్నా, ఏమీ అనుకోకు అని చేతులు జోడించింది. ఇరుగుపొరుగు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. తప్పు నాది అని ఒక్క మాటంటే చాలు, ఆ పిల్ల మీది నింద పోయేది.

"తిట్టకే పున్నమ్మా," అన్నాడు కూర్మయ్య. "సిన్నపిల్ల. వచ్చే ఏడు గెలుస్తాదిలే."

రమాకుమారి తలెత్తి అతని మొహంలోకి చూసింది. అమ్మ వెనకాలే ఇంట్లోకి వెళ్ళిపోయింది.